సీసా మీది ఆ ఒక్క మాట

1937 నాటికి అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందుకి మంచి పేరు వచ్చింది. గొంతు ఇన్ఫెక్షన్లకు బాగా పనిచేసేది. కానీ మాత్ర, పొడి రూపాల్లోనే దొరికేది. పిల్లల కోసం సిరప్ చేద్దామంటే నీళ్లలో సరిగా కరగదు. టెనెసీ రాష్ట్రంలోని ఒక కంపెనీ కెమిస్టు దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్ అనే తియ్యటి ద్రవంలో కరిగించి, రాస్ప్‌బెర్రీ రుచి చేర్చాడు. రంగు, రుచి, వాసన చూశారు. ఒక్క ఎలుకకైనా తాగించి చూడలేదు. చూడాలని చట్టంలోనూ లేదు.

ఆ ద్రవం కిడ్నీలను పాడుచేస్తుంది. తాగినవాళ్లకు మూత్రం ఆగిపోయి, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయారు. వందమందికి పైగా చనిపోయారు, అందులో చిన్నపిల్లలూ ఎందరో ఉన్నారు. ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన ఇన్‌స్పెక్టర్లను దాదాపు అందరినీ ఈ పని మీదే పంపింది. మందుల షాపులు, డాక్టర్లు, సేల్స్‌మెన్, ఇళ్లు, ఇలా ఒక్కో సీసానూ వెతికి పట్టుకున్నారు. తయారైన 240 గ్యాలన్లలో 234 వెనక్కి వచ్చాయి. అంతమందిని పొట్టనపెట్టుకున్నది మిగిలిన ఆరు గ్యాలన్లే.

ఇంతకీ ఏ అధికారంతో పట్టుకున్నారు? విషం అమ్మారని కాదు. సీసా మీద ‘ఎలిక్సిర్’ అని ఉంది. ఆ మాట వాడితే అందులో ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. కాబట్టి లేబుల్ తప్పు! ‘సొల్యూషన్’ అని రాసి ఉంటే ఎఫ్‌డీఏ చేతులు కట్టేసినట్టే ఉండేవి. ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అమ్మేముందే సురక్షితమని కంపెనీ చూపించాలనే చట్టం 1938లో వచ్చింది.

అప్పట్లో షికాగోలో ఆ విషాన్ని జంతువుల మీద పరీక్షించిన బృందంలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే విద్యార్థిని ఉంది. 1960లో ఆవిడ ఎఫ్‌డీఏలో చేరిన కొద్ది వారాలకే థాలిడోమైడ్ ఫైలు బల్ల మీదికి వచ్చింది. యూరప్‌లో అప్పటికే అమ్ముతున్న నిద్రమందు అది, గర్భిణులకు వాంతులు తగ్గడానికీ ఇచ్చేవారు. 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి వచ్చేసినట్టే. కంపెనీ ఎంత ఒత్తిడి పెట్టినా, ఆధారాలు చాలవంటూ ఆవిడ గడువు ముగిసేలోపు ప్రతిసారీ ఫైలు తిప్పి పంపింది. ఈ మందు వాడినవాళ్ల కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతున్నాయని బ్రిటన్ వైద్యపత్రికలో చదివాక, కడుపులో బిడ్డ సంగతేమిటని అడిగింది. 1961 చివరికి జవాబు జర్మనీ నుంచి వచ్చింది: కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టిన పసిబిడ్డలు. ప్రపంచవ్యాప్తంగా వేలల్లో. అమెరికాలో ఆ మందు ట్రయల్ పేరుతో డాక్టర్లకు చేరింది కానీ, మార్కెట్లోకి రాలేదు. మందు పనిచేస్తుందని కూడా నిరూపించాలని 1962లో చట్టాన్ని ఇంకాస్త బిగించారు.

సిరప్‌ల్లో వాడే గ్లిజరిన్ చూడటానికి, రుచికి డైఇథిలీన్ గ్లైకాల్ లాగే ఉంటుంది. అందుకే అది కలిసిందేమో ప్రతి డ్రమ్మునూ పరీక్షించమని ఎఫ్‌డీఏ ఇప్పటికీ కంపెనీలకు చెబుతోంది.