సంక్రాంతి సెలవుల్లో ఒక బొందుసంచి

పిల్లలూ,

సంక్రాంతి సెలవులకు ఊరెళ్లేటప్పుడు బట్టలతో పాటు ఒక సూదుల పొట్లం, రెండు దారం రీళ్లు, ఒక టేపు కూడా పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు మీరు చేత్తో కుట్టి ఇవ్వగలిగే బొందుసంచి గురించి రాస్తున్నాను. మిషను అక్కర్లేదు. మగపిల్లలూ కూర్చోండి, ఊళ్లో మీ చొక్కాలు కుట్టేది దర్జీ మామయ్యలే కదా!

గుడ్డ వెతకబోయే ముందు, ఎవరికి ఇవ్వబోతున్నారో వాళ్లను ఒక పూట గమనించండి. నానమ్మ వక్కలూ ఆకులూ ఎందులో పెట్టుకుంటోంది? తాతయ్య మందుబిళ్లలు ఏ కవర్లో తిరుగుతున్నాయి? కళ్లజోడు రోజూ ఎక్కడ పోతోంది? కీళ్లనొప్పులున్న వేళ్లు సన్న తాడు ముడి విప్పలేవు. అలాంటివాళ్ల సంచికి అరంగుళం వెడల్పున్న నాడా వేయండి. చూపు తగ్గినవాళ్లకు లేతరంగు గుడ్డ తీసుకోండి, లోపలున్న వస్తువు తేలిగ్గా కనబడుతుంది. ఎంత అందంగా కుట్టినా చేతికి అనువుగా లేని సంచి బీరువాలోనే ఉండిపోతుంది.

ఇక గుడ్డ. భోగిమంటలో వేయడానికి పాతసామాన్లు బయటికి తీసే రోజులివి. అందులో పాత నూలుచీర కనబడితే అడిగి తీసుకోండి. చాలాసార్లు ఉతికిన నూలుకి కుంచించుకుపోవడం, రంగు దిగడం అన్నీ అయిపోయి ఉంటాయి, మెత్తగా ఉంటుంది కాబట్టి సూది హాయిగా దిగుతుంది. చీర మొత్తం ఒకేలా ఉండదు. కిందంచు నేలకు రాసుకుని, నడుము దగ్గర దోపిన చోట నలిగి, పలచబడి ఉంటాయి. గుడ్డను వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే జల్లెడలా కనిపించే చోట్లు వదిలేయండి. రెండు చేతులతో లాగి చూడండి, చిరగకుండా నిలబడితే పనికొస్తుంది. కొన్ని చీరలు పెద్దవాళ్లు జ్ఞాపకంగా దాచుకుంటారు. కత్తెర పెట్టే ముందు అడగాల్సిందే, అడిగితే కానుక రహస్యం బయటపడినా సరే.

కొత్త గుడ్డ కొంటే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. లేకపోతే మొదటి ఉతుకులోనే సంచి వంకర తిరుగుతుంది. రంగు దిగుతుందేమో తెలియాలంటే తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి.

కొలత: 7 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు, ఒకే ముక్క. కళ్లజోడు కోసమైతే వెడల్పు 5 అంగుళాలు చాలు. గీత తిన్నగా రావాలంటే స్కేలు ఒక్కటే సరిపోదు. కొలిచిన చోట ఒక పోగును సూదిమొనతో పైకి లేపి మెల్లగా లాగేయండి. గుడ్డలో సన్నటి దారి పడుతుంది, దాని వెంటే కత్తిరించండి. పోగుకు ఏటవాలుగా కోసిన గుడ్డ సాగుతుంది. కుట్టేటప్పుడు ఒక పక్క పొడుగై, రెండో పక్క పొట్టిదై మిమ్మల్ని ఏడిపిస్తుంది.

పేరులోని మొదటి అక్షరం కుట్టాలనుకుంటే ఇప్పుడే కుట్టేయండి. పక్కలు మూసేశాక లోపలికి చెయ్యి పట్టదు. పై అంచు నుంచి 5 అంగుళాలు వదిలి, 2 అంగుళాల ఎత్తున అక్షరాన్ని పెన్సిల్‌తో సన్నగా రాయండి. అక్షరం తల దగ్గరున్న అంచు వైపే ఉండాలి, లేకపోతే సంచి మడిచాక తలకిందులవుతుంది. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి. మూడు చాలు, ఒక్కొక్కటీ విడిగా లాగి మళ్లీ కలపండి, మూడూ ఒకేసారి లాగితే చిక్కుపడతాయి. మన అక్షరాల గుండ్రటి వంపులకు గొలుసుకుట్టు, అంటే గొలుసు కడియాల్లా ఒకదానిలోంచి ఒకటి వచ్చే కుట్టు, బాగా అమరుతుంది. వంపు దగ్గర కుట్లు చిన్నవి చేయండి, పెద్ద కుట్లు వేస్తే ‘ల’ కాస్తా పలకలు తిరుగుతుంది.

ఇప్పుడు పక్కలు. అక్షరం ఉన్న వైపు లోపలికి వచ్చేలా ముక్కను సగానికి మడవండి. మడత సంచి అడుగవుతుంది, ఎత్తు 9 అంగుళాలు. రెండు పక్కలా అంచుకు అరంగుళం లోపల సుద్దతో గీత గీసి, మూడు నాలుగు చోట్ల గుండుసూదులు గుచ్చండి. పైనుంచి రెండున్నర అంగుళాలు వదిలేసి, అక్కడి నుంచి అడుగుదాకా కుట్టండి. ఆ వదిలిన చోటే బొందు దూరేది. చాలామంది అలవాటు కొద్దీ పైదాకా కుట్టేసి, తర్వాత విప్పుకుంటారు. అందుకే అక్కడ సుద్దతో అడ్డగీత పెట్టుకోండి.

దారం వేలికొన నుంచి మోచేతి దాకా ఉంటే చాలు. మళ్లీ మళ్లీ ఎక్కించే బద్ధకంతో పొడుగు దారం తీసుకుంటే అది మెలిపడి ముడులు పడుతుంది. కుట్టేకొద్దీ సూది వేళ్లలో తిరుగుతుంటుంది, ఆ తిప్పటమంతా దారానికి ఎక్కుతుంది. నాలుగైదు అంగుళాలు కుట్టాక సూదిని వదిలేసి గాల్లో వేలాడనివ్వండి, మెలి దానంతటదే విప్పుకుంటుంది. కొవ్వొత్తి ముక్క మీద ఒకసారి దారాన్ని లాగితే ఇంకా నున్నగా నడుస్తుంది.

పక్కలకు రన్నింగ్ కుట్టు, అంటే సూదిని పైకీ కిందికీ వరసగా దూరుస్తూ పోయే కుట్టు చాలు, అందులో అంగుళానికి ఆరేడు కుట్లు రావాలి. నాలుగు కుట్లకొకసారి ఒక కుట్టు వెనక్కి వేసి మళ్లీ ముందుకు సాగండి. అలా చేస్తే ఒకచోట దారం తెగినా మొత్తం ఊడిరాదు. దారాన్ని బిగించి లాగకండి, గుడ్డ ముడుచుకుపోతుంది. పది కుట్లకొకసారి బొటనవేలితో కుట్టు పొడుగునా నిమిరితే గుడ్డ చదునవుతుంది. అడుగు మూలల్లోనూ, బొందు దారి మొదలయ్యే చోటా మూడేసి కుట్లు ఒకదాని మీద ఒకటి వేయండి. సంచికి బరువు తగిలేదీ, చిరుగు మొదలయ్యేదీ అక్కడే. మిగిలిన కత్తిరించిన అంచులను చుట్టుకుట్టుతో, అంటే అంచు మీదుగా దారం చుట్టుతూ మూసేయండి, లేకపోతే పోగులు ఊడి మందుబిళ్లల అట్టలకు చుట్టుకుంటాయి.

పైన వదిలిన చోట పక్క అంచులను అరంగుళం లోపలికి మడిచి హెమ్మింగ్ చేయండి, అంటే ఆ మడతను చిన్న చిన్న కుట్లతో గుడ్డకు పట్టించండి. ఆ తర్వాత పై అంచును ముందు అరంగుళం, మళ్లీ ఒక అంగుళం మడిచి కింది అంచు వెంట కుట్టండి. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, రెండు గొట్టాలు వస్తాయి. రెంటినీ కలిపి కుట్టేస్తే సంచి నోరే మూసుకుపోతుంది.

లోపలి వైపు బయటికి వచ్చేలా సంచిని తిరగేసి, మూలల్ని పెన్సిల్ వెనక కొనతో నెట్టండి. కత్తెర మొనతో నెడితే గుడ్డకి చిల్లి పడుతుంది. 20 అంగుళాల బొందులు రెండు తీసుకోండి. ఒకదాని కొసకు పిన్నీసు పెట్టి కుడివైపు నుంచి ముందు గొట్టంలోకి, అక్కడి నుంచి వెనక గొట్టంలోకి నడిపి మళ్లీ కుడివైపే బయటికి తీయండి. రెండోదాన్ని ఎడమవైపు నుంచి అలాగే. కొసలు ముడివేయండి. రెండు వైపులా లాగితే నోరు సమంగా మూసుకుంటుంది. ఒకటే బొందు వేస్తే అంతా ఒక పక్కకే పోగవుతుంది.

సంచిని ఖాళీగా ఇవ్వడం నాకు నచ్చదు. వక్కపలుకులో, నాలుగు నువ్వుండలో పెట్టండి. నువ్వుల నూనె గుడ్డకు అంటుతుంది కాబట్టి ఉండల్ని ముందు నూనె పీల్చని బటర్ పేపర్లో చుట్టండి. అరిసెలు వండుతున్న చోట మాత్రం కుట్టుపని పెట్టుకోకండి, ఒక్క వేలి మరక చాలు పనంతా పాడవడానికి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద వెలుతురు బాగుంటుంది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకే చాప మీద కూర్చుంటే ఒకరు దారం ఎక్కిస్తారు, ఒకరు కొలుస్తారు. చేతి వేగాన్ని బట్టి ఒకట్రెండు పూటల పని.

లేచేటప్పుడు సూదులు, గుండుసూదులు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. ఎన్ని తీశారో కుట్టడం మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోండి. ఒక్కటి తగ్గినా చాప దులిపి, నేలంతా వెతికి దొరికాకే లేవండి. పాకే పిల్లలు అదే అరుగు మీదికి వస్తారు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ