సీటులో ఉన్నది ఏసీ కాదు, పంఖా

షోరూములో కారు చూపించే కుర్రవాడు సీటు మీట నొక్కి, "ఇందులో సీటుకు కూడా ఏసీ ఉందండీ" అంటాడు. షోరూములో ఏసీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి కూర్చున్నవారి వీపుకు చల్లగానే తగులుతుంది, అతని మాట నిజమేననిపిస్తుంది. అదే కారును మే నెలలో ఒంగోలులోనో ఖమ్మంలోనో కల్యాణమండపం ముందు మూడు గంటలు ఎండలో నిలిపి, భోజనాలు ముగించుకొని వచ్చి కూర్చుంటే, మీటను మూడో మెట్టులో పెట్టినా వీపుకు వేడిగాలే తగులుతుంది. డబ్బు పోసి కొన్న సదుపాయం అవసరమైన వేళకే మొరాయించిందని యజమానికి కోపం వస్తుంది. నిజానికి ఆ సీటు మొరాయించలేదు, తనకు చేతనైన పనే చేస్తోంది. ఆ పని గాలిని కదిలించడం మాత్రమే.

ఇటువంటి గాలాడే సీట్లను (వెంటిలేటెడ్ సీట్లను) అమ్మకపు కార్లలో మొదట అందించినది స్వీడన్ కంపెనీ సాబ్, 1997లో వచ్చిన తన 9-5 మోడల్‌లో. మన దేశంలో ఇవి ఖరీదైన విదేశీ కార్ల నుంచి దిగి మధ్యతరగతికి దగ్గరైనది 2017 నాటి హ్యుందాయ్ వెర్నాతో, ఆ తర్వాత 2019లో వచ్చిన కియా సెల్టోస్‌తో. లోపల ఉండే సరంజామా చాలా కొద్ది. పైన సన్నటి చిల్లులు పొడిచిన తోలు లేదా రెక్సిన్, దాని కింద గాలి పారడానికి వీలైన వలలాంటి పొర, దాని కింద గాడులు తీసిన ఫోమ్, అడుగున అరచేతిలో పట్టేంత పంఖా ఒకటి, వీపు భాగంలో మరొకటి. కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు, చల్లటి గొట్టమూ లేదు. కొన్ని రకాల్లో పంఖా గాలిని మన వైపు ఊదుతుంది, కొన్నింటిలో మన ఒంటి దగ్గరి గాలిని కిందికి పీలుస్తుంది. సాబ్ వారిది పీల్చే రకం.

మరి ఇంత చిన్న పంఖా వల్ల ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం మన ఒంటి లెక్కలోనే ఉంది. ఊరికే కూర్చున్న పెద్ద మనిషి శరీరం దాదాపు 100 వాట్ల ఉష్ణాన్ని ఎడతెగకుండా వదులుతూ ఉంటుంది, అంటే పాతకాలపు వంద వాట్ల బల్బుతో సమానం. ఈ ఉష్ణం చర్మం నుంచి గాలిలోకి పోవాలి. కారు సీటులో కూర్చున్నప్పుడు వీపు, పిరుదులు, తొడల కింది భాగం కలిపి ఒంటిలో సుమారు ఐదో వంతు ఫోమ్‌కు అతుక్కుపోతుంది. ఫోమ్ మంచి ఉష్ణ నిరోధకం. ఈ విషయంలో అది థర్మోకోల్‌కు దగ్గరి చుట్టం. అందువల్ల ఆ ఐదో వంతు నుంచి పోవలసిన 20 వాట్ల వరకు ఉష్ణం దారి లేక నిలిచిపోతుంది, అక్కడి చర్మం వేడెక్కి చెమట పోస్తుంది, ఆ చెమటకూ ఆవిరయ్యే దారి ఉండదు. చొక్కా వీపుకు అంటుకోవడానికి కారణం ఇదే. ముఖానికి చల్లగాలి కొడుతున్నా వీపు తడిసి ఉండడంలో వింతేమీ లేదు.

ఒక గ్రాము చెమట ఆవిరైతే అది ఒంటి నుంచి సుమారు 2.4 కిలోజౌళ్ల ఉష్ణాన్ని తీసుకుపోతుంది. గంటకు 30 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాల చెమటను సీటు గుండా పారే గాలి ఆరబెట్టగలిగితే 20 వాట్లు పోయినట్టే. సీటు అడ్డుకొన్న ఉష్ణమూ అంతే కదా! కాబట్టి గాలాడే సీటు ఇచ్చేదాన్ని చల్లదనం అనడం కంటే, మామూలు సీటు మన నుంచి లాక్కొన్న సుఖాన్ని తిరిగి అప్పగిస్తోంది అనడం సరిగా ఉంటుందని నా అభిప్రాయం. వేపచెట్టు కింద నులక మంచం మీద పడుకొన్నవారికి ఈ సదుపాయం పంఖా లేకుండానే దక్కేది, ఎందుకంటే నులక అల్లిక సందుల్లోంచి వీపుకు గాలి తగులుతూనే ఉంటుంది. పాత అంబాసిడర్ టాక్సీల డ్రైవర్లు సీటు మీద పరచుకొన్న చెక్క పూసల కవర్ కూడా ఇదే పని చేసేది. పూసలు ఒంటిని సీటు నుంచి కాస్త పైకి ఎత్తి పట్టి, మధ్యలో గాలికి చోటు ఇచ్చేవి.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర మొదలవుతుంది. సీటుకు సొంత చలువ లేదు కాబట్టి కారు లోపలి గాలి ఎంత వేడిగా ఉంటే అది అంత వేడిగాలినే కదిలిస్తుంది. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు టెంపే నగరపు ఎండలో కార్లను నిలిపి కొలిచిన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. గంటసేపు ఎండలో ఉన్న కార్ల లోపలి గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కు, డ్యాష్‌బోర్డు 69కి, స్టీరింగ్ 53కి, సీట్లు 51కి చేరాయి. మన కోస్తా, తెలంగాణ వేసవులు అంతకంటే దయగలవేమీ కావు.

సెకనుకు 5 లీటర్ల గాలి సీటు గుండా పోతోందని అనుకొని ఒక చిన్న లెక్క వేద్దాం. అంత గాలి బరువు 6 గ్రాములకు కాస్త తక్కువ, అది ఒక డిగ్రీ వేడెక్కితే మోసుకుపోయే ఉష్ణం ఇంచుమించు 6 వాట్లు. లోపలి గాలి 27 డిగ్రీలు, చర్మం 34 డిగ్రీలు ఉంటే మహా అయితే 40 వాట్ల వరకు చల్లదనం దక్కవచ్చు, అందులో సగం దక్కినా సుఖమే. లోపల 45 డిగ్రీలున్నప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. గాలి మన ఒంటి కంటే 11 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది కాబట్టి అదే పంఖా 65 వాట్ల వరకు ఉష్ణాన్ని మన వీపుకు తెచ్చి పోయగలదు. చెమట ఆరడం వల్ల కలిగే లాభం ఈ వరద ముందు నిలవదు. ఊదే రకం సీట్లలో పంఖా గాలిని తీసుకొనేది సీటు అడుగు నుంచి. ఏసీ గాలి ముందుగా ముఖానికి, ఛాతీకి తగులుతుంది, సీటు కింది మూలకు చేరేసరికి ఆలస్యమవుతుంది. మొదటి పది నిమిషాలు ఈ సీట్లకు చెడ్డపేరు రావడానికి ఇదొక ముఖ్య కారణం. 2013 నాటి మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో దీనికి ఒక తెలివైన ఏర్పాటు చేశారు. పంఖాలు మొదట చల్లబడుతున్న గాలిని పైనుంచి సీటులోకి పీల్చి, కొన్ని నిమిషాల తర్వాత దిశ మార్చుకొని ఊదుతాయి.

రెండో అడ్డంకి మనమే. డెబ్బై కిలోల మనిషి కూర్చోగానే ఫోమ్ నొక్కుకుపోతుంది, అందులోని గాడులు ఇరుకవుతాయి, తోలు మీది చిల్లుల్లో ఎక్కువ భాగం మన బట్టలతో మూసుకుపోతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది కాబట్టి, గట్టిగా ఆనిన చోటును వదిలి, తొడల పక్కన, నడుము వంపు దగ్గర తెరిచి ఉన్న చిల్లుల గుండా పోతుంది. చెమట ఎక్కువ పోసేది మాత్రం గట్టిగా ఆనిన చోటే. పంఖా వేగం పెంచితే సరిపోతుంది కదా అంటే, అది తల కింద కాకపోయినా ఒంటికి ఆనుకొని ఉన్న యంత్రం, దాని చప్పుడును భరించడానికి ఒక హద్దు ఉంటుంది. మందపాటి జీన్స్ వేసుకొన్నవారికీ పలుచటి నూలు పంచె కట్టుకొన్నవారికీ ఒకే సీటు రెండు రకాలుగా తోచడం కూడా ఇందువల్లే.

తేమ సంగతి విడిగా చెప్పుకోవాలి. చెమట ఎంత త్వరగా ఆరుతుందన్నది చర్మం దగ్గరి ఆవిరి పీడనానికీ గాలిలోని ఆవిరి పీడనానికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర అది 5.6 కిలోపాస్కల్‌లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం). 38 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న కోస్తా గాలిలో 3.3, ఏసీతో 25 డిగ్రీలకు చల్లబడి 50 శాతం తేమ ఉన్న కారు గాలిలో 1.6. మొదటి సందర్భంలో తేడా 2.3, రెండో దానిలో 4. అంటే ఏసీ నడుస్తుంటే అదే సీటు చెమటను దాదాపు ఒకటిముప్పావు రెట్ల చురుకుతో ఆరబెట్టగలదు. ఏసీ కట్టేసి, పెట్రోలు మిగల్చడానికి సీటు పంఖా ఒక్కటే వేసుకొనేవారు విజయవాడ ఉక్కలో నిరాశపడటం ఖాయం. అనంతపురంలో 40 డిగ్రీల వద్ద 20 శాతమే తేమ ఉన్న రోజున ఆవిరి పీడనం 1.5కు దిగుతుంది కాబట్టి చెమట చక్కగా ఆరుతుంది, కానీ గాలి వేడి ఆ లాభంలో పెద్ద వాటాను తినేస్తుంది. కుండలో నీళ్లు ముసురు రోజున సరిగా చల్లబడకపోవడం చూసినవారికి ఇది కొత్త కాదు.

నిజంగానే గాలిని చల్లబరిచే సీట్లు కూడా లేకపోలేదు. 1834లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పెల్టియే రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా విద్యుత్తు పంపితే ఆ అతుకు ఒక దిశలో చల్లబడుతుందని, దిశ మారిస్తే వేడెక్కుతుందని కనిపెట్టాడు. బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకపు ముక్కలతో చేసిన అటువంటి పలకలను సీటులో అమర్చి అమెరికా కంపెనీ అమెరిగాన్ 2000 మోడల్ లింకన్ నావిగేటర్‌కు అందించింది. ఇబ్బంది ఏమిటంటే, ఈ పలక ఒక వాటు ఉష్ణాన్ని తీయడానికి దాదాపు ఒక వాటు కరెంటును, తరచూ అంతకంటే ఎక్కువను తింటుంది, అదంతా కలిసి రెండో వైపున వేడిగా బయటికి వస్తుంది. ఆ వేడి పోయేది సీటు కిందికి, అంటే మళ్లీ కారులోకే. దాన్ని చివరికి తోడిపోయవలసింది కారు ఏసీయే.

లోపల కరెంటు తీగ ఉన్న వేడి సీటు ఇట్టే పనిచేసినట్టు చల్లని సీటు ఎందుకు పనిచేయదని అడిగేవారుంటారు. తీగలో కరెంటు పారితే అదంతా ఉష్ణంగా మారి, తీగ నుంచి తోలుకు, తోలు నుంచి ఒంటికి నేరుగా చేరుతుంది. వేడిని పుట్టించడం సులువు, ఉన్న వేడిని ఒక చోటి నుంచి తీసి మరో చోట పారబోయడం కష్టం. పైగా చల్లని సీటు బాగా పనిచేసినప్పుడు కలిగే ఫలితం ఏదో తగలడం కాదు, ఏదీ అంటుకోకపోవడం. గంట ప్రయాణం తర్వాత వీపు పొడిగా ఉంటే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

కొలిచి చూసినవారికి మాత్రం లాభం కనబడింది. అమెరికాలోని కొలరాడోలో ఉన్న జాతీయ పునరుత్పాదక శక్తి ప్రయోగశాలవారు చెమట పోసే బొమ్మ మనిషిని సీటులో కూర్చోబెట్టి పరీక్షించారు. సీటు గాలాడితే లోపల అంత చలి పెట్టనవసరం లేదని, అలా ఏసీకి అయ్యే ఇంధనం దాదాపు 7 శాతం తగ్గవచ్చని అంచనా వేశారు. కాబట్టి ఎండలో ఆగిన కారులోకి ఎక్కగానే ముందు అద్దాలు దించి వేడిగాలిని బయటికి పోనిచ్చి, ఏసీ వేసి, లోపలి గాలి ఒంటి కంటే చల్లబడిన తర్వాతే సీటు పంఖా వేయడం మంచిది. పీల్చే రకమైతే ఇంత ఆగనవసరం లేదు.

ఏ రకమో తెలుసుకోవడానికి ఒక టిష్యూ కాగితం చాలు. పోయిన వేసవిలో మా బావగారు తన కొత్త కారు సీటు పనిచేయడం లేదని వాపోతే, పంఖా మూడో మెట్టులో పెట్టి సీటు మీద టిష్యూ పరిచాను. అది ఊగలేదు, అంటుకోలేదు, ఊరికే పడి ఉంది. చెవి దగ్గర పెడితే పంఖా తిరుగుతున్న చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. కారు ఇంటికి వచ్చిన రోజునే తోలు మాసిపోకుండా ఆయన బజారులో కుట్టించిన మందపాటి రెక్సిన్ కవర్ చిల్లులన్నిటినీ కప్పేసింది. హుక్కులు ఊడదీసి కవర్ లాగేయగానే కాగితం తోలుకు అంటుకుపోయింది, ఆయన మునివేళ్లతో దాన్ని పీకి, మళ్లీ పెట్టి, మళ్లీ పీకి చూశారు. ఆ కవర్ ఇప్పటికీ డిక్కీలో మడతపెట్టి ఉంది, కుట్టించడానికి అయిన డబ్బు గుర్తొచ్చి పారేయడానికి ఆయనకు మనసు రావడం లేదు.