ప్రభుత్వ రూపాలు: ఎవరు ఎక్కించారో కాదు, ఎవరు దించగలరో చూడండి

ఒక దేశంలో ఉన్నది ఏ రకం ప్రభుత్వమో పేరు చూసి చెప్పలేం. ఉత్తర కొరియా అధికారిక పేరులో ప్రజాస్వామ్యమూ ఉంది, గణతంత్రమూ ఉంది. గద్దె మీద ఉన్నవాణ్ని ఎవరు దించగలరు, ఏ పద్ధతిలో దించగలరు అని అడిగితేనే అసలు రూపం బయటపడుతుంది. బెజవాడ, గుంటూరుల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్ల దగ్గరా పంచాయతీ ఆఫీసుల అరుగుల మీదా తరచూ వినబడే అపోహలను ఈ ప్రశ్నతోనే పరీక్షిద్దాం.

అపోహ: ప్రజాస్వామ్యం, గణతంత్రం ఒకటే.

వాస్తవం: దేశాధినేత పదవి వారసత్వంగా రాకపోతే అది గణతంత్రం. పాలకులను జనం మార్చగలిగితే అది ప్రజాస్వామ్యం. బ్రిటన్, జపాన్ రెండోది మాత్రమే. మన రాజ్యాంగ ప్రవేశికలో రెండు మాటలూ విడివిడిగా ఉన్నది అందుకే.

అపోహ: ముఖ్యమంత్రిని మనమే ఎన్నుకుంటాం.

వాస్తవం: విజయవాడ తూర్పు, పశ్చిమ, సెంట్రల్ ఓటర్లు ఎన్నుకునేది ముగ్గురు ఎమ్మెల్యేలనే. బ్యాలెట్‌లో ముఖ్యమంత్రి అనే గడి ఉండదు. 175 మంది సభలో 88 మంది మద్దతు ఎవరికి ఉందో చూసి గవర్నర్ నియమిస్తారు. 164వ అధికరణ ప్రకారం మంత్రిమండలి మొత్తం శాసనసభకు ఉమ్మడిగా జవాబుదారీ. కాబట్టి సభ నమ్మకం పోతే ఒక్క మంత్రి కాదు, అందరూ దిగాల్సిందే. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదం మీద ప్రకాశం పంతులు ప్రభుత్వం ఆంధ్ర శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1999 ఏప్రిల్‌లో లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వానికి 269 వస్తే వ్యతిరేకంగా 270 వచ్చాయి. అమెరికా అధ్యక్షుడికి ఈ గండం లేదు. ఆయన్ను దించాలంటే ప్రతినిధుల సభ అభిశంసించాలి, ఆపైన సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. విధానం నచ్చలేదన్న ఒక్క కారణంతో దింపే దారి అక్కడి రాజ్యాంగంలో లేదు. పార్లమెంటరీ పద్ధతికీ అధ్యక్ష పద్ధతికీ ఉన్న అసలు తేడా ఇదే. మిగిలిన తేడాలన్నీ దీని పిల్లలే.

అపోహ: వార్డు సభ్యులంతా ఒక్కటైతే సర్పంచిపై అవిశ్వాసం పెట్టొచ్చు.

వాస్తవం: పెట్టలేరు. ఈ పొరపాటు వల్ల ఊళ్లలో ఏళ్లకేళ్లు వృథా అవుతున్నాయి. మన రాష్ట్రంలో సర్పంచి నేరుగా ఊరి ఓటుతో వస్తారు, ఉపసర్పంచిని వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. ఎన్నుకున్నవాళ్లకే దించే హక్కు ఉంటుంది గనక, అవిశ్వాసం ఉపసర్పంచికే వర్తిస్తుంది, అదీ నిర్ణీత కాలం గడిచాకే. మండలాధ్యక్షులు, జడ్పీ చైర్మన్ కూడా ఈ కోవలోకే వస్తారు. అంటే ఒకే పంచాయతీ ఆఫీసులో రెండు ప్రభుత్వ రూపాలు, సర్పంచిది అధ్యక్ష పద్ధతిలాంటిది, ఉపసర్పంచిది పార్లమెంటరీ పద్ధతిలాంటిది, పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాయన్నమాట.

మరి సర్పంచి నిధులు తినేస్తే? తొలగించే అధికారం కలెక్టర్‌ది. సంజాయిషీ అడిగి, విచారణ జరిపి తొలగిస్తారు. సంతకాలు సేకరించి ఆర్డీవో ఆఫీసులో ఇస్తే ఆ కాగితం కదలదు. ఫిర్యాదులో తీర్మానం నంబరు, తేదీ, పని పేరు, డ్రా చేసిన మొత్తం, ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) రాసిన కొలత, నేల మీద ఉన్న కొలత వరసగా ఉండాలి. ‘120 మీటర్ల సీసీ రోడ్డుకు బిల్లు తీశారు, ఉన్నది 85 మీటర్లే’ అని రాస్తే విచారణాధికారి టేపు పట్టుకుని కొలవాల్సి వస్తుంది. ‘అవినీతిపరుడు’ అని రాస్తే కొలవడానికేమీ ఉండదు. జనం నేరుగా ఎన్నుకున్న మనిషిని దించే అధికారం జనం చేతిలో కాక ఒక అధికారి చేతిలో ఉండటం ఈ చట్టంలో నిజమైన లోపమే. మధ్యప్రదేశ్‌లో గ్రామ ఓటర్లకే రీకాల్ హక్కు, అంటే ఓటేసి దించే హక్కు ఉంది.

అపోహ: మనది అమెరికాలాంటి సమాఖ్య. రాష్ట్రం ఒప్పుకోకుండా రాష్ట్రాన్ని విడదీయలేరు.

వాస్తవం: ఇది మనవాళ్లకు వేరే చెప్పాలా? 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 3వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతే; ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. అమెరికాలోనైతే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. మన 1వ అధికరణ ‘రాష్ట్రాల యూనియన్’ అంటుంది. సమాఖ్య అనే మాట వాడదు.

అపోహ: పత్రికలు రాజ్యాంగం చెప్పిన నాలుగో స్తంభం.

వాస్తవం: రాజ్యాంగంలో అలాంటి మాట లేదు. 19వ అధికరణలోని భావప్రకటన స్వేచ్ఛే పత్రికలకూ ఆధారం.

అపోహ: వెయ్యేళ్ల కిందటే తమిళనాడులోని ఉత్తరమేరూరులో ఓటింగ్ జరిగిందని అక్కడి శాసనం చెబుతోంది.

వాస్తవం: ఆ శాసనం గొప్పదే, కానీ అందులో ఉన్నది ఓటు కాదు, చీటీ. కంచి దగ్గరి ఆ ఊరి గుడి గోడ మీద మొదటి పరాంతక చోళుడి కాలంలో, 919లోనూ 921లోనూ చెక్కించారు. ఊరు 30 వాడలు. ఒక్కో వాడ నుంచి అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కట్టగట్టి, కుండలో వేస్తారు. సభ ఎదుట ఏమీ తెలియని పిల్లవాడి చేత ఒకటి తీయిస్తారు. ఆ పేరున్నవాడే వారియంలో, అంటే ఊరి పనులు చూసే కమిటీలో, సభ్యుడు. గ్రీకుల ఏథెన్స్‌లో కూడా 500 మంది మండలిని ఇలా చీటీలతోనే నింపేవారు. అక్కడ ఎన్నికను పెద్దింటివాళ్ల పద్ధతిగానూ చీటీని ప్రజల పద్ధతిగానూ అరిస్టాటిల్ లెక్కగట్టాడు.

ఉత్తరమేరూరు చీటీలో మాత్రం ఊరంతా లేదు. అది బ్రాహ్మణ సభ. పావు ‘వేలి’కి (అది అప్పటి భూమి కొలత) మించి పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు, వేదజ్ఞానం, 35 నుంచి 70 ఏళ్ల వయసు ఉన్నవాళ్ల పేర్లే కుండలోకి వెళ్లేవి. అయినా దించే సంగతిలో ఆ శాసనం కచ్చితంగా ఉంది. పదవీకాలం 360 రోజులు. తప్పు చేసినట్టు తేలితే అప్పటికప్పుడే తొలగింపు. గతంలో వారియంలో పనిచేసి లెక్కలు అప్పజెప్పనివాడి పేరే కాదు, వాడి దగ్గరి బంధువుల పేర్లు కూడా కుండలో పడవు.