జేబులో ఆగిపోయిన చీటీ

చి. శ్రావణికి, చి. రిషికి మీ తాతయ్య ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ మామ్మ మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది, కోపమూ ఎప్పటిలాగే ఉంది. ఈ ఉత్తరం పొడుగైతే విసుక్కోకండి. ఫోనులో చెబితే మీరు మధ్యలో "సరే తాతయ్యా" అని పెట్టేస్తారు, కాగితం అలా పెట్టేయదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు శ్రావణి ఒక ప్రశ్న అడిగింది, గుర్తుందా? ఇడ్లీ తిన్నాక నేను నాలుగు లేత పసుపు మాత్రలు అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటే మింగుతుంటే పక్కన కూర్చుని చూసి, "తాతయ్యా, ఏది మంచి కణమో ఏది క్యాన్సర్ కణమో ఆ మాత్రకు ఎలా తెలుస్తుంది?" అంది. అంతలో మీ బాబాయి కారు హారన్ మోగించాడు, మీరు పరుగెత్తారు. నిజం చెప్పాలంటే ఆ హారన్ నన్ను కాపాడింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చదివాను, వీధి చివర జువాలజీ మాస్టారిని నెల రోజులు విసిగించాను. ఇప్పుడు చెప్పగలను.

మాత్రకు ఏమీ తెలియదమ్మా. మంచీ చెడూ తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక జేబు కొలత.

ఆ జేబు సంగతికి వచ్చే ముందు పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గరకు రండి. మాను మీద అడ్డంగా వలయాల్లా గుర్తులున్నాయి కదా, వాటి మీద కాలు పెట్టి ఎక్కబోయి రిషి మోకాలు చెక్కుకున్నాడు. ఒక్కో గుర్తూ ఒక్కో మట్ట రాలిన చోటు. గాలివానకు విరిగిన మట్టను చూడండి, చీలికలై వేలాడుతూ పక్కనున్న గెలను కూడా పాడుచేస్తుంది. వయసైపోయి చెట్టే వదిలేసిన మట్ట అలా కాదు. ఎండి, పట్టు వదిలి, నేల మీద పడుతుంది. మాను మీద గుర్తు తప్ప ఏమీ మిగలదు.

మన ఒంట్లో కణాలు కూడా ఈ రెండు విధాలుగానూ చనిపోతాయి. కాలిన చోట, నలిగిన చోట కణం ఉబ్బి పగిలి చుట్టుపక్కల వాపు తెస్తుంది. రెండో విధం నిశ్శబ్దంగా జరుగుతుంది. కణం తనలోని సరంజామాను తానే ముక్కలు చేసుకుని, చిన్న చిన్న మూటలు కట్టుకుంటుంది. పక్క కణాలు ఆ మూటలను మింగేస్తాయి. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ రెండో చావుకు పేరు వెతుకుతూ స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఒక గ్రీకు ప్రొఫెసర్‌ను అడిగారు. ఆయన ఇచ్చిన మాట అపోప్టోసిస్. గ్రీకులో ఆకులు, పూరేకులు రాలిపోవడం అని అర్థం. ఆయనకు కొబ్బరిచెట్టు తెలిసి ఉండదు గానీ మాట మాత్రం సరిగ్గా కుదిరింది.

పెద్దవాళ్ళ ఒంట్లో రోజూ కొన్ని వేల కోట్ల కణాలు ఇలా రాలిపోతాయి. రాలకపోతే ఎలా ఉంటుందో కోతలైన చేలలోకి బాతులను తోలుకొచ్చిన అతను రిషి చేతికి ఒక బాతును ఇచ్చినప్పుడు మీరు చూశారు. దాని వేళ్ళ మధ్య పొర ఉంది కదా. మీరు అమ్మ కడుపులో ఉన్నప్పుడు మీ వేళ్ళ మధ్య కూడా అలాగే కండ ఉండేది. అక్కడి కణాలు చనిపోయాయి కాబట్టి వేళ్ళు విడివడ్డాయి. బాతు కాలిలో ఆ చావు కబురును అడ్డుకునే ప్రోటీన్ ఒకటి ఉంది, అందుకే దానికి తెడ్డు మిగిలింది. అడ్డుకోవడం బాతుకు మంచే చేసింది. నాకు చేయలేదు.

ఇక నా కథ. ఇది మీ మామ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను కాలువ లాకుల దగ్గర పనిచేసిన రోజుల్లో ఒక వానాకాలం అల్పపీడనం పట్టి మూడు రోజులు విడవకుండా కురిసింది. కాలువ గట్టు అంచు దాకా నిండింది. అదనపు నీటిని మురుగు కాలువలోకి వదిలే షట్టర్లు ఎత్తాలంటే పై ఆఫీసు నుంచి చీటీ రావాలి, మా ఇష్టానికి ఎత్తకూడదు. రాత్రంతా గొంగళి కప్పుకుని చక్రం దగ్గరే నిలబడ్డాను. చీటీ రాలేదు. తెల్లవారుజామున కిలోమీటరు అవతల గట్టుకు గండి పడి, పొట్ట మీదున్న చేలు మునిగిపోయాయి. తర్వాత తెలిసింది, చీటీ రాత్రి ఎనిమిదింటికే బయలుదేరిందట. తెచ్చే కుర్రాడిని దారిలో ఒక పెద్దమనిషి ఆపి, టీ ఇప్పించి, చీటీ తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మురుగు కాలువ పక్కన ఆయనకు నాలుగు ఎకరాలుంది మరి. పేరు చెప్పను, వాళ్ళ మనవలు మీతో క్రికెట్ ఆడతారు.

ఆలోచించండి. షట్టరు బాగానే ఉంది. చక్రం దగ్గర నేనున్నాను. ఉత్తర్వు కూడా రాశారు. అది ఒక జేబులో ఆగిపోయింది, అంతే. నా రక్తంలో జరిగిందీ సరిగ్గా ఇదే.

కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఉంటాయని శ్రావణి చదివే ఉంటుంది. వాటి పైపొరలో బాక్స్, బాక్ అనే ప్రోటీన్లు షట్టర్లు. అవి తెరుచుకుంటే లోపలున్న సైటోక్రోమ్-సి బయటికి కారి, కణాన్ని ముక్కలు చేసే ఎంజైములను లేపుతుంది. కణం పాడైతే, దాని అవసరం తీరిపోతే, బిమ్ లాంటి చిన్న ప్రోటీన్లు తయారవుతాయి. అవే చీటీలు. వాటిని పట్టి జేబులో వేసుకునే పెద్దమనిషి పేరు బీసీఎల్-2. దాని ఒంటి మీద నిజంగానే పొడవాటి గాడి ఒకటి ఉంది, బిమ్ వచ్చి అందులో ఇరుక్కుపోతుంది. ఆ పెద్దమనిషి మామూలు కణాల్లో కూడా ఉంటాడు, ఊరికే ప్రతి కణమూ చావకుండా కాస్తాడు. నా తెల్ల రక్తకణాల్లో కొన్నిటిలో అతని సంఖ్య మితిమీరింది. ఈ రక్త క్యాన్సర్‌ను క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అంటారు. ఈ కణాలు మరీ వేగంగా ఏమీ పుట్టవు. పుట్టినవి పోవు, పేరుకుపోతాయి. క్యాన్సర్ అంటే విపరీతంగా పెరగడమని అందరిలాగే నేనూ అనుకునేవాడిని. చావకపోవడం కూడా క్యాన్సరేనని 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ బీసీఎల్-2 మీద చేసిన పనితోనే లోకానికి తెలిసింది.

ఇక్కడ మన భీమవరం ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. కణం ఇలా పద్ధతిగా చనిపోవడానికి శక్తి కావాలి. కణంలో ఆ శక్తిని మోసే ఏటీపీ అనే అణువు లేకపోతే ఎంజైములను లేపే యంత్రం కూడుకోదు, కణం విరిగిన మట్టలా పగిలిపోతుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కనుక్కున్నవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా విడిగా అప్పుడే కనుక్కున్నాడు. తర్వాత సుబ్బారావు లెడర్లీ అనే మందుల కంపెనీలో ఉండగా అక్కడ తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. చావు తప్పదనుకున్న పిల్లల్లో కొందరికి కొన్ని నెలలపాటు జబ్బు వెనక్కి తగ్గింది. ఆ సంగతి అచ్చయిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు పోయాడు. అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. మన జిల్లావాడని గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

పాత మందులు చాలావరకు కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను చూసి పీ53 అనే ప్రోటీన్ చావు చీటీలు రాయాలి. అంటే చీటీలు జేబులో వేసుకునే పెద్దమనిషి జోలికి పోకుండా చీటీ మీద చీటీ పంపినట్టు. కొందరి క్యాన్సర్ కణాల్లో ఆ రాసేవాడే ఉండడు, అప్పుడు పాత మందులు సరిగా పనిచేయవు. నేరుగా జేబులోకే ఏదైనా దూర్చి చీటీని బయటికి నెట్టేస్తే? వినడానికి తేలిక. ఆ గాడి పొడవుగా, లోతు లేకుండా, జిడ్డుగా ఉంటుంది. చిన్న అణువు అందులో నిలవదని చాలామంది ఆశ వదులుకున్నారు. అమెరికాలో స్టీఫెన్ ఫెసిక్ బృందం ఓపికగా ఒక పని చేసింది. గాడిలో ఒక మూల కాస్త అంటుకునే తునక ఒకటి, దాని పక్క మూల అంటుకునే తునక ఇంకొకటి వెతికి, రెండిటినీ అతికింది. విడివిడిగా జారిపోయేవి కలిసి గట్టిగా పట్టాయి. అలా మొదలై 2005లో ఒక అణువు బయటపడింది. దాన్ని మెరుగుపరిచి నోటితో వేసుకునే నావిటోక్లాక్స్ చేశారు.

దానికొక చిక్కు వచ్చింది. శ్రావణి ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది.

బీసీఎల్-2కు అన్నదమ్ములున్నారు. బీసీఎల్-ఎక్స్ఎల్ అని ఒకడు, ఎంసీఎల్-1 అని ఇంకొకడు. ఏ కణం ఎవరి మీద ఆధారపడి బతుకుతుందో ఆ కణాన్ని బట్టి ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు బతికేదే 8 నుంచి 10 రోజులు, ఆ రోజులను లెక్కపెట్టేది బీసీఎల్-ఎక్స్ఎల్. నావిటోక్లాక్స్ బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్ఎల్ ఇద్దరి జేబులోనూ దూరేది. క్యాన్సర్ కణాలతోపాటు ప్లేట్‌లెట్లూ పడిపోయేవి. ఇద్దరి గాడులూ దాదాపు ఒకటే. ప్రోటీన్లకు ఇటుకల్లాంటివి అమినో ఆమ్లాలు, ఒక చోట మాత్రం బీసీఎల్-2లో ఆస్పార్టిక్ ఆమ్లం, రెండోవాడిలో గ్లుటామిక్ ఆమ్లం ఉన్నాయి. ఈ రెండిటికీ తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు. ఆ తేడాను పట్టుకుని బీసీఎల్-2కే అతికేలా అణువును మార్చి చెక్కారు. 2013లో ప్రచురించారు, 2016 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ మొదట ఆ చీటీలు రాసే పీ53 పోయినవాళ్ళకే. అదే వెనెటోక్లాక్స్, నా పసుపు మాత్ర. దీన్ని చిన్న అణువు మందు అంటారు గానీ మరీ అంత చిన్నదేమీ కాదు. ఆస్పిరిన్ అణుభారం 180 అయితే దీనిది 868. సూదితో ఎక్కించే యాంటీబాడీ మందుల అణుభారం లక్షన్నర దాకా ఉంటుంది, వాటి పక్కన మాత్రం ఇది చిన్నదే.

కాబట్టి శ్రావణీ, మాత్ర మంచి కణాల్లోకి కూడా వెళుతుంది, అక్కడి జేబులోనూ దూరుతుంది. చాలా మంచి కణాల జేబులో అప్పుడు పెద్దగా చీటీలుండవు, లేదా ఇంకో అన్నదమ్ముడు కాస్తుంటాడు. నా క్యాన్సర్ కణాల్లో మాత్రం జేబుల నిండా చీటీలే, ఎన్నాళ్ళుగానో ఆపిపెట్టినవి. మాత్ర వాటిని చంపదు. వాటికి ఎప్పుడో రాసిన చావును విడిపిస్తుంది. అలాగని మంచివాటికి ఏమీ కాదనుకోకండి. ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు నాకు తగ్గుతుంటాయి. జలుబుతో వచ్చిన రిషిని వసారాలో పడుకోమన్నది అందుకే. వాడు అలిగి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒరేయ్, ఇప్పుడైనా కోపం తీరిందా?

మందు మొదలుపెట్టిన నెల సంగతి కూడా చెబుతాను. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలేటప్పుడు షట్టర్లన్నీ ఒక్కసారి ఎత్తరు. ఎండిన గట్లు తట్టుకోలేవు, కొంచెం వదిలి, గట్టు వెంట నడిచి చూసుకుని, మళ్ళీ కొంచెం వదులుతారు. ఈ మందూ అంతే. కోట్ల కణాలు ఒకేసారి కరిగితే వాటిలోని పొటాషియం, ఫాస్ఫేటు, యూరిక్ ఆమ్లానికి కారణమయ్యే పదార్థాలు రక్తంలోకి వరదలా వస్తాయి. మూత్రపిండాలు చేతులెత్తేస్తాయి, గుండె లయ తప్పుతుంది. మొదటి ప్రయోగాల్లో కొందరు రోగులు ఇలాగే చనిపోయారు. మందు బాగా పనిచేయడమే ప్రాణం మీదకు తెచ్చింది. అందుకని మొదటి వారం 20 మిల్లీగ్రాములు, తర్వాత వారానికోసారి పెంచుతూ 50, 100, 200, అయిదో వారానికి 400. మొదటి మాత్ర వేసుకున్న రోజు ఆసుపత్రిలో ఆరు గంటలకోసారి రక్తం తీశారు. మీ మామ్మ రాగి చెంబు పట్టుకుని మంచం పక్కనే కూర్చుని గంట గంటకూ నీళ్ళు తాగించింది. జీవితమంతా నీళ్ళు వదిలిన నాకు ఆ వారం నీళ్ళంటే విసుగొచ్చింది. రెండో వారానికి మెడ పక్కన నిమ్మకాయంత ఉన్న గడ్డ తడిమితే ఉసిరికాయంత తగిలింది.

ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుందని శ్రావణి ఎలాగూ అడుగుతుంది. చాలామందికి ఏళ్ళ తరబడి. కొందరిలో ఆ గాడిలోనే ఒక్క అమినో ఆమ్లం మారిపోయి మాత్ర సరిగా అతకదు, కొందరిలో ఎంసీఎల్-1 కాపలా పెరుగుతుంది. నా మొన్నటి రక్తపరీక్ష బాగానే ఉంది.

ఇంకో మాట. మన పెరట్లో పంపర పనస ఈసారి విరగకాసింది. నన్ను మాత్రం తినొద్దన్నారు. గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండుకు అది దగ్గర చుట్టం. వాటిలోని పదార్థాలు పేగుల్లో మందును విరిచే ఎంజైమును పడుకోబెడతాయట, అప్పుడు మందు ఒంట్లో పేరుకుపోతుంది. మీ మామ్మ కాపలా బీసీఎల్-2 కంటే గట్టిది, ఒక్క తొన కూడా దాటి రావడం లేదు. మంగళవారం మీ బాబాయి కారులో ఒక బస్తా పంపుతున్నాను. తెల్ల పొర చేదుగా ఉంటుంది, శుభ్రంగా ఒలుచుకుని తినండి. గింజలు పారేయకుండా డబ్బాలో వేసి ఉంచండి.

మీ తాతయ్య