పన్ను బాగుచేయాలంటే ఎంత అరగదీయాలి?

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పుట్టి పెరిగి, ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాళ్ళను పెళ్ళిచూపులనగానే పట్టుకునే టెన్షన్ ఒకటుంది: ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఎంత తోమినా పోవు. అవి పైన పట్టిన గార కాదు మరి. పన్ను ఇంకా చిగురు కిందే తయారవుతున్న వయసులో తాగిన బోరు నీళ్ళ గుర్తులవి. ఆ పల్లెలు అప్పటి నెల్లూరు జిల్లావి. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ ఎలా దెబ్బతింటున్నాయో 1937లోనే షార్ట్ అనే వైద్య పరిశోధకుడి బృందం రాసింది. వాళ్ళు పనిచేసింది ఇక్కడే, చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థలో.

పంటి పైపొర ఎనామిల్. ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దీన్ని కట్టే కణాలు పన్ను బయటికొచ్చేసరికి రాలిపోతాయి. అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది గానీ, అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఆ కణాలు పనిచేస్తున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే పొర లోపల సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను సుద్దలా తెల్లగా వస్తుంది, తర్వాత ఆ రంధ్రాల్లోకి రంగు దిగుతుంది. పెద్దయ్యాక తాగిన నీళ్ళతో కొత్త మచ్చలు రావు.

ఇలాంటి పళ్ళకు నేరుగా క్యాప్‌లు వేయించుకుంటామని వెళ్ళే వాళ్ళున్నారు. నాకది తొందరపాటు అనిపిస్తుంది. ముందు పంటికి పూర్తి క్యాప్ వేయాలంటే, కనిపించే భాగంలో మూడింట రెండు వంతుల దాకా అరగదీయాల్సి రావచ్చు. ఒకసారి అరగదీశాక ఆ పంటికి జీవితాంతం ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే. పాతికేళ్ళ వాడికి అది ఎన్నిసార్లు మార్చాల్సి వస్తుందో లెక్కేసుకోండి. చారలు లోతుగా లేకపోతే ఆమ్లం కలిపిన గరుకు ముద్దతో పైపొరను మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూగా రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. అవసరమైతే ఆ తర్వాత బ్లీచింగ్. అదీ చాలకపోతే రెజిన్ (పంటి రంగులో ఉండే ప్లాస్టిక్ లాంటి ముద్ద) ఫిల్లింగ్, ఆపైన వెనీర్, అంటే పంటి ముందువైపు అతికించే అర మిల్లీమీటరు మందం రేకు. క్యాప్ వరస చివరిది.

రెజిన్ పంటికి అంటుకునే కిటుకు 1955లో అమెరికా దంతవైద్యుడు బ్యూనొకోర్ బయటపెట్టాడు. ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కాసేపు తడిపితే పైన కంటికి కనపడని గుంటలు పడతాయి. రెజిన్ వాటిలోకి దిగి, గరుకు గోడను సున్నం పట్టినట్టు పట్టుకుంటుంది. క్లినిక్‌లో పంటి మీద రాసే నీలం జెల్ అదే. కడిగి ఆరబెట్టగానే ఆ చోటు మెరుపు పోయి పాలిపోతుంది. ఫ్లోరైడ్ బాగా పట్టిన ఎనామిల్ ఆమ్లానికి ఒక పట్టాన లొంగదు, ఇంకాసేపు ఉంచాలి. తర్వాత రెజిన్‌ను రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ నీలిరంగు లైటుతో గట్టిపరుస్తారు. గట్టిపడేటప్పుడు అది కొంచెం కుంచించుకుపోతుంది, అందుకే ఒకేసారి కూరరు. రంగు మాత్రం పని మొదలుపెట్టకముందే, పన్ను తడిగా ఉన్నప్పుడే చూసుకోవాలి. నోరు తెరిచి పది నిమిషాలుంటే పన్ను ఆరి తెల్లబడుతుంది; అప్పుడు ఎంచిన రంగు మర్నాటికి తేడా కొడుతుంది.

దవడ పళ్ళ లెక్క వేరు. అక్కడ అందం కన్నా నమలడం ముఖ్యం. రూట్ కెనాల్ చేసిన పన్ను చచ్చి ఎండిపోయి విరుగుతుందని అంటుంటారు. అసలు కారణం అది కాదు. పుచ్చు తిన్నదీ, దారి కోసం తొలిచిందీ పోగా మిగిలిన గోడలు పలుచనవుతాయి, నమిలే బరువుకు విచ్చుకుంటాయి. అలాంటి పంటికి క్యాప్ నిజంగా అవసరం, వాయిదా వేయకూడదు. క్యాప్ పట్టు దొరకాలంటే చిగురు పైన చుట్టూ కనీసం రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలాలి. నొప్పి పోయింది కదా అని ఆర్నెల్లు ఊరుకుని, ముక్క విరిగాక వెళ్తే ఆ రెండు మిల్లీమీటర్లే ఉండకపోవచ్చు. పూర్తిగా తీయించేసి ఖాళీగా వదిలేస్తే పక్క పళ్ళు అటు ఒరుగుతాయి, ఎదుటి పన్ను ఖాళీలోకి దిగుతుంది.

ఇక చివరి పని, జనం పట్టించుకోనిది: పళ్ళ మధ్య పెట్టి కొరికించే రంగు కాగితం. "నల్లా కడింగ" అని డాక్టరు అనగానే, తమిళం రాని మనవాళ్ళు కూడా టక్కున కొరుకుతారు. ఎక్కడ ఎత్తుందో అక్కడ మచ్చ పడుతుంది, అంతవరకే అరగదీస్తారు. ఒక్కసారి కొరికి ఊరుకోకూడదు, పళ్ళు అటూ ఇటూ జరిపి కూడా చూడాలి. వెంట్రుకంత మందమైనా నోటికి పలుకు రాయిలా తెలుస్తుంది. అయితే మత్తు ఇంజెక్షన్ ప్రభావంలో ఆ తేడా సరిగ్గా పట్టుకోలేం. ఇంటికెళ్ళి ఇడ్లీ తింటున్నప్పుడు ఆ ఒక్క పన్నే ముందు తగులుతుంటే, అలవాటవుతుందిలే అని సరిపెట్టుకోకుండా వెనక్కి వెళ్ళండి. సరిచేయడానికి రెండు మూడు నిమిషాలు చాలు. వదిలేస్తే పన్ను సలుపుతుంది, క్యాప్ పింగాణీదైతే దాని అంచు రాలుతుంది.