ఎముక దాటగానే ఆగాలి: పుర్రెకు రంధ్రం పెట్టే పరికరాల కథ

విజయవాడ హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి దగ్గరో, బెంగళూరు హైవే మీద జడ్చర్ల దగ్గరో బైకు పడి తలకు దెబ్బ తగిలితే, డాక్టరు నోట ఇంటివాళ్లు వినడానికే భయపడే మాట ఒకటుంది: పుర్రెకు రంధ్రం పెట్టాలి. పుర్రె సాగదు. లోపల రక్తం గడ్డకడితే ఆ ఒత్తిడంతా మెదడు మీదే పడుతుంది, దానికి దారి ఇవ్వాల్సిందే.

ఈ పని చాలా పాతది. ఫ్రాన్స్‌లోని ఎన్సిషైమ్‌లో దొరికిన సుమారు 7,000 ఏళ్ల నాటి పుర్రెలో రంధ్రం మానిపోయి ఉంది. అంటే ఆ మనిషి ఆపరేషన్ తర్వాత కూడా బతికాడు. మన దేశంలో కశ్మీర్‌లోని బుర్జహోంలోనూ రంధ్రాలున్న పుర్రె బయటపడింది.

ఎముకను కోయడం అంత కష్టం కాదు, కింద ఉన్న మెదడుపొరకు తగలకుండా ఆగడమే కష్టం. పరికరాల చరిత్రంతా దాదాపు ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది. ప్రాచీన గ్రీకు వైద్యులు రంపం వేడెక్కి ఎముక కాలకుండా మాటిమాటికీ చన్నీళ్లలో ముంచేవారు, చివరి పలుచని పొరను తొందరపడి కోసేవారు కాదు. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ వర్ణించిన గుండ్రటి రంపానికి మధ్యలో ఒక మేకు ఉండేది. గాడి పడేదాకా రంపం జారకుండా అది పట్టి ఉంచేది, తర్వాత దాన్ని తీసేసేవారు. పొరకు ఉలి తగలకుండా కింద ఒక కంచురేకు జొనిపేవారు. ఆ తర్వాతి బర్మాలకు, ఎక్కువ లోతుకు దిగకుండా, అంచుకు కాస్త పైన పట్టీ పెట్టారు. మత్తుమందు లేని రోజుల్లో ఇంత జాగ్రత్త ఎలా పడ్డారో!

అయినా 19వ శతాబ్దపు ఆసుపత్రుల్లో రోగులను చంపింది ఎక్కువగా చీము. 1867లో బ్రిటన్ సర్జన్ లిస్టర్ క్రిమినాశక పద్ధతిని ప్రకటించాకే పరిస్థితి మారసాగింది. మత్తు విషయంలో మన హైదరాబాద్‌కూ పేరుంది: క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి 1888, 1889లో ఇక్కడే రెండు కమిషన్లు పనిచేశాయి.

1894లో ఇటలీ వైద్యుడు జిగ్లీ తీగ రంపం తెచ్చాడు. కాన్పు కష్టమైన తల్లుల కటి ఎముక కోయడానికి చేసిన ఆ రంపాన్ని కొన్నేళ్లలోనే పుర్రెకూ వాడారు. రెండు రంధ్రాల మధ్య తీగ దూర్చి లోపలి నుంచి బయటికి కోస్తారు.

ఇప్పటి డ్రిల్లు మొన ఎముక దాటగానే, ఎదురొత్తిడి పోయి క్లచ్ విడిపోతుంది, తిరగడం దానంతటదే ఆగిపోతుంది. అది పెట్టే రంధ్రం వెడల్పు సాధారణంగా 14 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చేత్తో తిప్పే హడ్సన్ బ్రేస్ అనే బర్మా కూడా ఇంకా పూర్తిగా మూలపడలేదు.