ఇడ్లీ గుడ్డ పోయి ప్లాస్టిక్ ఎలా వచ్చింది

2025 ఫిబ్రవరి ఆఖరున కర్ణాటక ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావు, హోటళ్ళలో ఇడ్లీ ఉడికించేటప్పుడు ప్లాస్టిక్ వాడకూడదని ప్రకటించారు. అధికారులు రాష్ట్రంలో 251 చోట్ల చూస్తే 52 చోట్ల గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీట్ కనిపించింది. బెంగళూరులోని మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ మెస్సుల్లో, పీజీల్లో రోజూ ఇడ్లీతో పొద్దు మొదలయ్యే మనవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

గుడ్డ మీద ఉడికించడం మనకు పాత అలవాటే. గిన్నెకు వాసెన కట్టి కుడుములు వండిన ఇళ్ళే మనవి. నేతలోంచి ఆవిరి దూరి పిండిని అడుగునుంచీ ఉడికిస్తుంది. చిక్కంతా ఉతకడంలో ఉంది. పోగుల మధ్య పిండి ఇరుక్కుంటుంది. తడిగుడ్డను ముద్దచేసి మూలన పడేస్తే మర్నాటికి జిగురు పట్టి, నల్లటి బూజు చుక్కలు వేస్తుంది. ఆవిరికి క్రిములు చాలావరకు చచ్చినా, పిండిపదార్థాల్లో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి వదిలే, వాంతులు తెచ్చే విషం ఆ వేడికి పోదు. నీళ్ళు మోసుకొచ్చుకునే బండి దగ్గర రోజూ అన్ని గుడ్డలు ఉతకడం కష్టమే. కవరు కోసి పరిస్తే ఇడ్లీ అంటుకోదు, ఉతికే పనీ తప్పుతుంది. ఆ వెసులుబాటే ప్లాస్టిక్‌ను ఇడ్లీ రేకుల మీదికి తెచ్చింది.

‘ప్లాస్టిక్ కరగలేదు కదా’ అంటారు. నిజమే, కరగదు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పల్చటి పాలిథిన్ కరగాలంటే 105 దాటాలి. కానీ కరగడం వేరు, ఊరడం వేరు. ప్లాస్టిక్‌లో కలిపిన రంగులు, రసాయనాలు వేడికి బయటికొచ్చి తడిపిండిలోకి దిగుతాయి. పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన కవరైతే అందులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు.

చట్టం లేక కాదు. 1954 నాటి ఆహార చట్టం ప్రధానంగా కల్తీ మీదే దృష్టి పెట్టింది. దాని స్థానంలో 2006లో వచ్చిన ఆహార భద్రతా చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలైంది. దానికింద 2018లో చేసిన ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం, ఆహారానికి తగిలే ప్లాస్టిక్ నుంచి దిగే పదార్థం మొత్తం కిలోకు 60 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ పరీక్ష ఏదీ లేని కవరు రేకు మీదికి చేరడం అప్పటికే తప్పు. పైగా 2016 మార్చిలోనే రాష్ట్రం ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. 2025 ప్రకటన ఎప్పుడో రావలసింది.

మళ్ళీ గుడ్డకు వస్తే రంగు వేయని నూలుగుడ్డే కావాలి, అదీ రెండు జతలు. వాడిన వెంటనే పిండి పోయేలా జాడించి, పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, ఎండలో పూర్తిగా ఆరవేయాలి. సబ్బు పెడితే వాసన పోయేదాకా జాడించాలి. పిండి పోసేముందు తడిపి గట్టిగా పిండాలి. పొడిగుడ్డకు ఇడ్లీ అతుక్కుంటుంది. దించాక రేకు బోర్లించి గుడ్డ వెనక చన్నీళ్ళు చల్లితే చిరగకుండా ఊడుతుంది. ఉతికే నీళ్ళు లేనిచోట రేకుకే నూనె రాయడం మేలు.

తినేవాళ్ళు ఇడ్లీ అడుగు తిప్పి చూడండి. గుడ్డ మీద ఉడికితే నేత గళ్ళు అచ్చుపడి ఉంటాయి. నున్నగా ఉంటే నూనె రాసిన రేకు కావచ్చు, షీటూ కావచ్చు. రేకు చూపించమని అడగండి.